తేజ, తాలు

రాత్రి రెండున్నర. గుంటూరు, కొత్తపేట.
మూడో అంతస్తు, ఆరో నంబరు మంచం.
కింద చివరి టీ బండివాడు కూడా
గ్లాసులు కడిగి బోర్లించి ఉంటాడు.
నేను నోటుబుక్కు తీస్తాను.

కేస్ షీటు కాదు.
అందులో బీపీ, పల్సు, ఆక్సిజను, మూత్రం.
ఇది నలభై పేజీలది, అట్ట మీద నెమలి బొమ్మ.
రెహానా డాక్టరు పోయినేడు ఏదో సదస్సుకెళ్లొచ్చి
డజను కొనిపించింది.
"వాళ్లు పోగొట్టుకునే రోజుల్ని మనం దాచిపెడదాం సిస్టర్."
చార్టులకే చేతులు చాలని చోట ఇదొకటా అని
అప్పుడు విసుక్కున్నాను.

"ఏస్తేరమ్మా, ఈరోజు మంగళవారం.
నీకు నిమోనియా. గొంతులో గొట్టం ఉంది, అందుకే మాట రాదు.
మీ ఆయన గాబ్రియేలు చెప్పులు చేత్తో పట్టుకొచ్చాడు.
ఎక్కడ పెట్టాలో తెలీక
వెళ్లేదాకా అలాగే పట్టుకు నిలబడ్డాడు."

ఇరవై రెండేళ్ల సర్వీసు నాది.
మొదట్లో మాకు నేర్పింది ఒకటే: నిద్రపుచ్చడమే దయ.
కదలని ఒళ్లే మంచి ఒళ్లు.
కదిలితే బ్యాండేజీ గుడ్డతో మణికట్లు మంచానికి.
బతికి ఇంటికెళ్లినవాళ్లు
గ్లాసెత్తలేక, నిద్రలో కేకలేస్తూ
ఎలా ఉన్నారో మేమెప్పుడూ అడగలేదు.
డిశ్చార్జి కాగితం మీద 'మెరుగు' అని రాసి పంపాం.

ఇప్పుడు పొద్దున్నే ఆరింటికి మత్తు ఆపుతాం.
మేల్కొలుపుతాం, భయపడుతూనే.
మిషను అరుస్తుంది, ఆమె దగ్గుతుంది,
నా చెయ్యి ఆమె చేతిలో.

ముచ్చికలు తీసీ తీసీ గోరు అరిగిన చెయ్యి.
చేర్చిన రోజు ఒళ్లు తుడిస్తే
బేసిన్లో నీళ్లు కూడా ఘాటు.

మతి కుదురుగా ఉందో లేదో చూసే పరీక్ష ఒకటుంది.
ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదవాలి,
'ఏ' వినపడితే చెయ్యి నొక్కాలి.
ఏస్తేరమ్మకి 'ఏ' ఎక్కడ తెలుసు?
నేనే మార్చాను:
"తేజ అంటే నొక్కు. తాలు అంటే ఊరుకో."
మూడో రోజు అన్నిటికీ నొక్కింది.
నాలుగో రోజు దేనికీ లేదు,
కళ్లు సీలింగు మీద ఎవర్నో వెతుకుతున్నాయి.
రౌండ్సులో డాక్టరడిగితే "తాలే ఎక్కువుంది మేడం" అన్నాను.
ఎవరూ నవ్వలేదు.

గాబ్రియేలుని లోపలే కూర్చోబెట్టాం.
ఒకప్పుడు అద్దంలోంచి ఐదు నిమిషాలు, అంతే.
అతను ఆమె కళ్లజోడు తెచ్చాడు, ఒక కాడకి దారం.

నాలుగో మంచం కుర్రాడి పుస్తకం తొమ్మిదో పేజీలో ఆగింది.
వాళ్లమ్మకి ఇవ్వాలా వద్దా అని
రెండు రోజులు నా బ్యాగులో మోశాను.
ఇచ్చాను. తెరవలేదు, కొంగులో చుట్టుకుంది.
దాని గురించి ఇంకేం రాయను.

ఎనిమిదో రోజు.
తేజ. నొక్కింది.
తాలు. ఊరుకుంది.
తాలు. ఊరుకుంది.
తర్వాతి మాటకి నా గొంతు పట్టేసింది.
ఆమె ఆగింది,
కాటా ముందు నిలబడ్డట్టు, ఓపిగ్గా.

ఆ సాయంత్రం వెంటిలేటరుతో సహా నడిపించాం.
ఫిజియో వంశీధర్ ఒక పక్క, గొట్టం పట్టుకుని నేను,
వెనక కుర్చీ తోస్తూ గాబ్రియేలు.
ఆరడుగులు. కిటికీ దాకా.
కింద టిక్కీలు కట్టిన లారీ ట్రాఫిక్కులో ఇరుక్కుని ఉంది.
అది కదిలేదాకా చూసింది.

గొట్టం తీశాక, బొంగురుగా, మొదటి మాట:
"నన్ను కోల్డు స్టోరేజీలో పెట్టి తాళమేశారెందుకు?"
టిక్కీల మధ్యనట. ఒకటే చలట.
ఎర్ర లైటు ఆరి వెలుగుతుంటే
తలుపు కొట్టీ కొట్టీ చేతులు పడిపోయాయట.
నెమలి బొమ్మ పుస్తకం తెరిచి చదివాను,
మంగళవారం నుంచి, చెప్పుల సంగతితో సహా.
చలి ఏసీది, లైటు మానిటరుది.
తలుపు ఏదో నాకూ తెలీదు.

అంతా విని వేళ్లు మడిచింది.
"పదకొండు రోజులు.
అయితే నా మస్టరు నువ్వేశావన్నమాట."
మొగుడి వైపు తిరిగింది:
"కూలి ఎవరిస్తారో అడుగు."